సరుగుడు తోటలో తెల్ల గీత

మా అక్క కూతురు మాధురి సముద్రపు తాబేళ్ళ మీద పిహెచ్‌డి చేస్తోంది. తాబేళ్ళ మీద అని చెబితే మా కొట్టుకొచ్చేవాళ్ళు నవ్వుతారు కాబట్టి, నేను "సముద్రం చదువు" అని చెప్పి ఊరుకుంటాను. విజయనగరంలో స్టీలు సామాన్ల కొట్టు నాది. గిన్నె కొన్నవాడు గిన్నె పట్టుకుని వెళతాడు, డబ్బు నా గల్లాలో పడుతుంది. అలాంటి వ్యాపారంలో పుట్టి పెరిగిన వాళ్ళింట్లో, చచ్చిన తాబేళ్ళను లెక్కపెట్టే పిల్ల ఎలా పుట్టిందో మాకెవరికీ తెలియదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఈ ఫిబ్రవరిలో దానికి ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం సిద్ధమైంది. థీసిస్ ఇచ్చేసి వచ్చే నెల మొదట్లో చేరితే చాలు. వాళ్ళ గైడు కూడా ఇచ్చెయ్యమన్నాడట. ఇది మాత్రం, "ఒక్క ఊరి ఒడ్డు లెక్క కుదరలేదు" అంటూ శ్రీకూర్మం అవతల ఒక జాలరిపేటలో గది తీసుకుని కూర్చుంది. మా అక్క ఫోనులో ఏడ్చి, "నువ్వు చెబితే వింటుందిరా, వెళ్ళి తీసుకురా" అంది. నా మాట మా గుమాస్తా కూడా వినడు. అయినా బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు రావలసిన పాసింజరు మంచు వల్ల ఏడు దాటాక వచ్చింది. కిటికీ పక్కనే చోటు దొరికింది కానీ చూడడానికి ఏమీ లేదు. పొలాలు, తాటిచెట్లు, కొండలు అన్నీ మంచులో మునిగి ఉన్నాయి. చీపురుపల్లి వచ్చినట్టు పల్లీలమ్మే ఆవిడ అరుపు వల్లే తెలిసింది.

ఎదురుగా గడ్డం పెంచిన కుర్రాడొకడు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మాటల్లో పెడితే అతనూ రీసెర్చి స్కాలరే. పొందూరులో దిగుతాడట. అక్కడ నూలు వడికేవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ పని మీద అతని పరిశోధన.

"దానికో డిగ్రీ ఇస్తారా నాయనా?" అన్నాను.

"ఇస్తారండి. ఉద్యోగమే ఇవ్వరు" అని నవ్వాడు. కాసేపాగి, "మా నాయనమ్మ వడికిన నూలు తెగేది కాదండి. ఎందుకు తెగదో ఆవిడ చెప్పకుండానే పోయింది. నేను అడగనూ లేదు" అన్నాడు. పొందూరులో దిగి రెండడుగులు వేశాడో లేదో మంచులో కలిసిపోయాడు. బండి కదిలేదాకా చూశాను, మళ్ళీ కనబడలేదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఒక మాట. శ్రీకాకుళం రోడ్డు స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి బస్సో ఆటోనో పట్టుకుని ఊళ్ళోకి పోవాలి. నేను బస్సు కాంప్లెక్సు దగ్గర ఉప్మా పెసరట్టు తిని, పదిన్నరకు శ్రీకూర్మం బస్సెక్కాను. అల్లం చట్నీ బాగుంది.

శ్రీకూర్మంలో దర్శనం ఇరవై నిమిషాల్లో అయింది. పని రోజు కావడంతో జనం లేరు. గుడి వెనక ఆవరణలో నక్షత్రాల తాబేళ్ళను పెంచుతారు. తోటకూర కట్ట కొని లోపల వేశాను. అప్పటిదాకా రాళ్ళలా పడివున్నవి ఒకటొకటిగా మెడలు బయటికి చాచాయి. అన్నీ ఆకు వైపు కాకుండా నా వైపే చూస్తున్నట్టు అనిపించి మిగతా కట్ట గోడమీద పెట్టి వచ్చేశాను. పితృకార్యాలు చేయించే ఒక పెద్దాయన పక్కనే కూర్చుని, "ఇక్కడ పుష్కరిణిలో కలిపిన అస్థికలు తాబేళ్ళవుతాయని నమ్మకం బాబూ" అన్నాడు. నమ్మకాలతో నాకు పేచీ లేదు. పులిహోర పొట్లం తిని మధ్యాహ్నం రెండు గంటలకు జాలరిపేట వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆటోలో నా పక్కన యాభై ఏళ్ళ మనిషి, చేపలమ్మే ఆవిడ, ఖాళీ తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. తట్టలో కొత్త పంచెల చాపు, పసుపు పొట్లం, సీసాలో తీర్థం ఉన్నాయి.

"ఎవులింటికెల్తన్నారు బావూ?" అంది.

మా మేనకోడలి సంగతి చెప్పాను.

"తాబేల్ల పిల్లేటి? మా ఇంట్లోనే ఉన్నాది. మంచి పిల్ల. తిండే తినదు." ఆవిడ పేరు గురమ్మ అని అప్పుడు తెలిసింది.

"ఈ పంచెలు ఎవరికమ్మా?"

"మా ఇంటాయనకి. సంద్రం మీదకెల్లి శానా ఏళ్ళయిపోనాది. పొద్దుట ఒచ్చినాడంట. కబురెట్టినారు." బస్సు వచ్చిందన్నంత మామూలుగా చెప్పింది.

ఇన్నేళ్ళ తరవాత వస్తే సంబరం ఉండాలి కదా అనుకున్నాను. ఆవిడ ముఖంలో సంబరం లేదు, దుఃఖమూ లేదు. ఆటో నడిపేవాడు మాత్రం అద్దంలో నన్నొకసారి చూసి, పాటల శబ్దం పెంచాడు. నాకు వెన్నులో చలి పుట్టింది. ఆ ఎండలో చలేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

గురమ్మ ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో మాధురి ఉంటుంది. చిక్కి సగమైంది. గోడమీద మీసాలతో ఉన్న ఒక మనిషి ఫొటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. గురమ్మ నాకు కాఫీ ఇచ్చి, పని ఉందని ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఈవిడ మొగుడు వచ్చాడా?" అని అడిగాను.

మాధురి ఫొటో వైపు చూసింది. "ఆయన పడవే తిరిగి రాలేదు మావయ్యా. శవం కూడా దొరకలేదు. ఈ ఊళ్ళో అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి."

నేను ఆటోలో విన్నది చెప్పాను. అది తింటున్న బిస్కెట్టు పక్కన పెట్టేసింది.

సాయంత్రం దాని సంగతి వివరంగా అడిగాను. పోయినేడు ఈ ఒడ్డంతా చచ్చిన తాబేళ్ళే. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరకు వచ్చే రోజుల్లో పెద్ద బోట్లు లాగే వలల్లో చిక్కి చస్తాయని దీని అనుమానం. అటవీశాఖ అనుమతితో కొన్నిటిని కోసి చూస్తుంది కూడా. ఈ ఏడు మిగతా ఊళ్ళలో అలాగే పడుతున్నాయి, ఈ ఒక్క ఊళ్ళో దాదాపు లేవు. గైడు సంతోషించి, చావులు తగ్గాయని రాసెయ్యమన్నాడు.

"రాసెయ్యి మరి. తగ్గితే మంచిదేగా?"

"తగ్గితే మంచిదే. తగ్గాయని నాకు తెలియదు, కనబడటం లేదని తెలుసు. నేను తగ్గాయని రాస్తే వచ్చే ఏడు ఈ ఒడ్డుకి ఎవరూ రారు మావయ్యా. బోట్లు ఇక్కడే తిరుగుతాయి."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాను. "ఇదంతా డిగ్రీ కోసమా, పేరు కోసమా?"

"మొదట్లో హాస్టల్ కోసం" అని నవ్వింది. "అమ్మ రోజూ ఏం తిన్నావు, ఎక్కడున్నావు అని అడక్కుండా నాలుగేళ్ళు ఉండొచ్చని చేరాను. తరవాత స్టైపెండ్ కోసం. పోయినేడు ఇక్కడ మొదటి తాబేలును చూశాక ఇంకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిచే చచ్చిపోయింది. ఎలా చచ్చిపోయిందని అడిగేవాళ్ళు ఎవరూ లేరు దానికి."

ఊళ్ళోవాళ్ళను అడిగావా అంటే, అడిగానంది. అందరూ ఒకే మాట చెప్పారట: సంద్రం అట్టుకుపోనాది.

నేను ఉద్యోగం మాట ఎత్తాను. మా అక్క చెప్పమన్నవీ, నా సొంత కవిత్వమూ కలిపి ఒక అరగంట చెప్పాను. మాధురి అంతా విని, "రేపొద్దున్న ఒక్కసారి నాతో ఒడ్డుకి రా. ఏమీ కనబడకపోతే నీతో వచ్చేస్తాను" అంది. బేరం కుదిరిందనుకుని గురమ్మ వండిన చేపల పులుసు వాసన చూస్తూ, పప్పన్నం తిని, ఎనిమిదికే వరండాలో మడత మంచం వాల్చుకున్నాను.

తెల్లవారి అయిదున్నరకు బయల్దేరాం. గురమ్మ గది తలుపు తీసే ఉంది, మనిషి లేదు. ఒడ్డు మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, సముద్రం చప్పుడే తప్ప నీళ్ళు కనబడలేదు. ఊరి పడవలు దాటి, నది సముద్రంలో కలిసే మొగ వైపు నడిచాం. ఊరివాళ్ళు అటు పెద్దగా తిరగరని మాధురి చెప్పింది. పోయినేడు ఇది వేరే ఊళ్ళో మకాం పెట్టి, మొగ అవతలి నుంచి చీకటితోనే వచ్చి, ఈ ముక్క చూసుకుని వెళ్ళిపోయేదట. అప్పట్లో దీన్ని ఇక్కడ ఎవరూ చూడలేదు.

నేను వెనక్కి పోదామని నోరు తెరవబోతుంటే, మాధురి ఆగింది. ఇసకలో వెడల్పుగా ఒక చార. నీళ్ళ అంచు దగ్గర మొదలై పైకి, సరుగుడు తోట వైపు పోయింది. బరువైనదేదో పాకినట్టు ఉంది.

"గుడ్లు పెట్టడానికి ఎక్కిందేమో" అన్నాను.

"అలా ఎక్కితే రెండు పక్కలా రెక్కల గుర్తులుంటాయి. తిరిగి నీళ్ళలోకి పోయిన జాడ కూడా ఉంటుంది. దీనికి రెండూ లేవు."

సగం దూరం పోయాక చార మాయమైంది. వంగి చూస్తే, అక్కడినుంచి ఇసకను సరుగుడు కొమ్మతో ఊడ్చిన గీతలున్నాయి. రోజూ ఇలాగే ఊడుస్తున్నారన్నమాట. ఈసారి ఎందుకో సగంలో వదిలేశారు. మాధురి తోటలోకి నడిచింది. నాకు అటు వెళ్ళాలని లేదు. కానీ ఆ మంచులో ఒక్కణ్ణే నిలబడడం ఇంకా భయమనిపించి వెంట నడిచాను.

తోటలో గాలి ఈల వేసినట్టు వినబడుతోంది. సముద్రం చప్పుడు వెనకబడింది. చెట్ల వరసల మధ్య ఇసక దిబ్బలు కనబడ్డాయి. చిన్నవి, గుండ్రనివి, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి దిబ్బ మీదా గవ్వలు పేర్చారు, పసుపు చల్లారు. కొన్నిటి మీద ప్రమిద. ఒకదాని మీద బీడీ కట్ట, ఇంకొకదాని మీద తెడ్డు ముక్క. చూపు పోయినంత మేర దిబ్బలే. నేను వాటిని లెక్కపెట్టలేదు, పెట్టాలనిపించలేదు. మా కొట్లో గోడల్నిండా గిన్నెలు బోర్లించి ఉంటాయి, ఇకమీదట వాటిని చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుందని అక్కడే అనిపించింది.

చివరి వరసలో తవ్వి ఉంచిన గుంట ఒకటి ఉంది. దాని అంచున తడి గోనెల కింద ఏదో పెద్దది. మాధురి గోనె తీసింది. తాబేలు. కొబ్బరికాయంత తలకాయ పక్కకు వాలి ఉంది. వీపు చిప్ప మీద మెడ నుంచి తోకదాకా సున్నంతో తెల్ల గీత, గీత పక్కన ఎర్ర కుంకుమ చుక్క. గీత నిటారుగా వచ్చి, తోక దగ్గర కొంచెం ఎడమకు వంకర తిరిగింది.

మాధురి కింద కూర్చుండిపోయింది.

"మావయ్యా, ఇది నా గీత" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. అది నెమ్మదిగా చెప్పింది. పోయినేడు, లెక్కపెట్టినదాన్ని మళ్ళీ లెక్కపెట్టకుండా ప్రతి తాబేలు మీదా తెల్ల పెయింటుతో గీత గీసేది. ఫొటో తీశాక పక్కనే ఎర్ర చుక్క పెట్టేది. దానిది పుర్రచేయి, ఎడమచేతి వాటం. వంగి గీసేటప్పుడు చివర్లో చెయ్యి ఎడమకు జారేది. ఈ ఏడు గీత లేకుండా వచ్చిన తాబేలు మీద, ఆ వంకరతో సహా ఎవరో సున్నంతో దించారు.

"నామం అనుకున్నారు" అని నా నోటినుంచి వచ్చింది. కూర్మనాథుడున్న చోట ఒక తాబేలు తెల్ల నామం, ఎర్ర బొట్టు పెట్టుకుని రాత్రికి రాత్రి ఒడ్డున పడితే, మొగుడి శవం దొరకని ఆడమనిషి ఇంకేమనుకుంటుంది? పక్క గుడిలోనే అస్థికలు తాబేళ్ళవుతాయని చెప్పుకునే చోట.

"ఇది పాత ఆచారం కాదు మావయ్యా. నేనే మొదలెట్టాను" అంది మాధురి.

నేను గోనె మళ్ళీ కప్పాను. "లే. వెళ్ళిపోదాం. నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు. ఆ గీత నీదని చెబితే ఈ ఆడవాళ్ళందరికీ మొగుళ్ళు రెండోసారి చచ్చిపోతారే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల." ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను. ఇప్పుడు కూడా అది తప్పుడు సలహా అని పూర్తిగా అనలేను.

"చెప్పకపోతే లెక్క అబద్ధం. చెబితే..." అని ఆగి, "ఆవిడ చేతి అన్నం తింటున్నాను" అంది.

అంతలో గురమ్మ మాటే వినబడింది. "ఒచ్చీసినావేటి." కొత్త పంచెలు చేతిలో పట్టుకుని చెట్ల మధ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. కోపం లేదు. "నిన్న నాను శ్రీకూర్మమెల్లిపోనాను, జాడ పూరాగా ఊడవడం ఎవులికీ గేపకం నేదు. నువ్వు కోసీస్తావనే సెప్పనేదమ్మా. ఒచ్చినోల్లని ఇంటికొకలుగా వంతులేసుకున్నాం. ఈపాలి నా వంతు."

మాధురి లేచి నిలబడింది. నేను తల అడ్డంగా ఊపాను, అది నన్ను చూడలేదు.

"పిన్నీ, ఆ నామం పోయినేడు నేనే పెట్టాను. లెక్క కోసం. పెయింటుతో. నాది పుర్రచేయి, అందుకే చివర వంకర. దేవుడు పెట్టింది కాదు." ఒక్క ఊపిరిలో చెప్పేసి ఏడ్చేసింది.

గురమ్మ తాబేలు దగ్గరకు వచ్చి, గోనె తీసి, ఆ వంకర మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది. సున్నం వేలికి అంటింది. "ఐతే ఆల్లు రానేదన్నమాట" అంది చివరికి. ఆ పక్కనే ఇసకలో కూర్చుంది. గాలి ఆగింది. నాకు తొలిసారి తోట చివర సముద్రం కనబడింది.

"ఇది ఎలా సచ్చిపోనాదో సెప్పగలవేటి?" అని అడిగింది గురమ్మ. నిన్నంతా ఆయన అన్న మనిషి, ఇప్పుడు "ఇది" అంది.

"కోస్తే చెప్పగలను."

"కొయ్యి."

మాధురి సంచిలోంచి గ్లవ్స్, కత్తి తీసింది. నేను కొంత చూశాను, కొంత చెట్లకేసి చూశాను. వాసన గురించి రాయను. అది ముందరి రెక్క మీద వల కోసుకుపోయిన చార చూపించింది. లోపల గొంతు గొట్టంలో, ఊపిరితిత్తుల్లో నురగ చూపించింది. "వలలో చిక్కుకుంది పిన్నీ. తాబేలు కూడా మనలాగే గాలి పీల్చాలి. పైకి రానివ్వలేదు."

"ఎంతసేపుంటాది అలగ?"

"తాబేలు కాసేపు ఓర్చుకోగలదు."

గురమ్మ తాబేలుకేసే చూస్తూ, "మడిసికో?" అంది.

మాధురి చెయ్యి ఆగింది. నాకు దాని మీద జాలేసింది. ఏ యూనివర్సిటీలోనూ ఈ ప్రశ్న అడిగి ఉండరు. "మనిషికి అంతసేపు పట్టదు పిన్నీ. కొద్ది నిమిషాలే. ముందు భయం ఉంటుంది. తరవాత తెలివి పోతుంది. తెలివి పోయాక బాధ తెలియదు."

"తెలీదేటి?"

"తెలియదు."

గురమ్మ తల ఊపింది. "అదే అడుగుదామనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎవుల్నడగాలో తెలీక" అంది. అప్పుడు ఏడ్చింది. ఎక్కువసేపు కాదు.

నేను పక్కకు చూశాను. చెట్టుకొకరు చొప్పున ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో అడుగు చప్పుడు కూడా వినబడలేదు. అంతా విన్నారు. వాళ్ళు దీన్ని తిడతారని, తరిమేస్తారని చూశాను. ఎవరూ కదలలేదు. వాళ్ళలో చిన్నావిడ, పాతికేళ్ళు దాటి ఉండవు, "మరి నా వంతింకా రానేదు కదా?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు.

గురమ్మే జవాబు చెప్పింది. "ఒచ్చినప్పుడు ఈ పిల్లని పిలు. కోసి సెప్తాది. అప్పుడు కప్పెడదాం." ఆ తరవాత కొత్త పంచెలు విప్పి ఆ తాబేలుకి కప్పింది. అందరం కలిసి ఇసక తోశాం, నేను కూడా. మనిషికని తెచ్చినది తాబేలని తెలిసి కప్పిందో, ఇంకా మనిషనుకునే కప్పిందో నేనడగలేదు.

పదకొండు గంటల ఆటోకి నేనొక్కణ్ణే బయల్దేరాను. మాధురి రాలేదు. రమ్మని నేను అడగనూ లేదు. దిబ్బలన్నీ తవ్వనవసరం లేదని, ఏ ఇంటివాళ్ళు చెబితే వాళ్ళది మాత్రమే చూస్తానని, దానికి ఇంకో ఏడాది పట్టినా పడుతుందని చెప్పింది. ఉద్యోగం మాట ఇద్దరం ఎత్తలేదు. ఆటోలో పిల్లాపాపా, కోళ్ళూ, చేపల తట్టలూ ఉన్నా, శ్రీకూర్మం వచ్చేదాకా ఎవరూ నాతో మాట్లాడలేదు. ఊళ్ళో కబురు అప్పటికే పాకింది కాబోలు.

మధ్యాహ్నం రెండున్నరకు ఆమదాలవలసలో విశాఖ వైపు బండి దొరికింది. మంచు లేదు, పొలాలన్నీ కనబడుతున్నాయి. అయినా నాకు భయం పూర్తిగా పోలేదు. పొద్దున్న నేను భయపడింది దయ్యాలకనుకున్నాను. ఆ తోటలో దయ్యాలు లేవు. ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న పెట్టుకుని, అడగడానికి మనిషి దొరక్క, తాబేళ్ళ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఉన్నారు. అది దయ్యాలకన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది. అటు వెళ్ళేవాళ్ళు శ్రీకూర్మం చూడండి, సముద్రం చూడండి. తోటల్లో దిబ్బలు కనబడితే మాత్రం ఆగకండి.

చీపురుపల్లి దగ్గర అక్క ఫోను చేసింది.

"వస్తోందా?"

"రాదే."

"అయ్యో. ఏం సాధిస్తుందిరా అక్కడ?"

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. "ఒకావిడ మొగుడు సముద్రంలో పోయాడు. చివర్లో నొప్పి తెలుస్తుందా అని అడిగింది. మన పిల్ల జవాబు చెప్పింది" అన్నాను.

ఫోను కట్టయిందేమో అని చూశాను, కాలేదు.

"నొప్పి తెలియదని చెప్పిందా?" అంది అక్క.

"తెలియదనే చెప్పింది."

"సరే, ఉండనీ" అంది అక్క.